నాయనమ్మ మోకాళ్లు

మొన్న మా తమ్ముడి మనవడు ఊరి నుంచి నరసరావుపేట వచ్చి, గుమ్మంలో చెప్పులు విడుస్తూనే ఒక పొట్లం నా చేతిలో పెట్టాడు. విప్పగానే వేయించిన జొన్న పేలాల వాసన, పచ్చి పసుపు వాసన, వాటి వెనకే వేపాకు చేదు వాసన గుప్పున తగిలి, పళ్లు లేని నా నోట్లో నీళ్లూరాయి. నాలుగు పేలాలు వేసుకుని చిగుళ్లతో నలుపుతూ, ఏం పండగరా, తొలి ఏకాదశి ఇంకా రాలేదుగా అని అడిగాను. వాడు ఫోన్లోంచి తల ఎత్తకుండానే, "గాదమ్మ తల్లి ప్రసాదం మామ్మా. మన పాత ఇంట్లో వెలిసిందిగా. ఇప్పుడు గ్రిల్లు పెట్టించాం, మైకు కూడా పెట్టించాం" అన్నాడు. అక్కడ ఒకప్పుడు దీపం పెట్టేవారని నాకు తెలుసు గానీ, ఆ దీపానికి పేరొచ్చి, పేరుకి గుడొచ్చి, గుడికి మైకొచ్చిందని తెలియదు. మా పాత ఇంట్లో ఏ అమ్మవారూ వెలియలేదు. వెలిసినదల్లా మా నాయనమ్మ మోకాళ్ల నొప్పి. ఆ సంగతి కళ్లారా చూసినవాళ్లలో ఇంకా ఊపిరితో ఉన్నది నేనొక్కదాన్నే, అందుకని ఎవరు నమ్మినా నమ్మకపోయినా చెప్పేసి పోతాను.

అవి రెండో ప్రపంచ యుద్ధం రోజులు. కిరసనాయిలు దొరక్క ఊరంతా పొద్దు వాలకముందే అన్నాలు తినేసేది. కారంపూడికి దగ్గర్లో, నాగులేటి ఒడ్డున, నాపరాళ్ల గోడలూ నాపరాళ్ల కప్పులూ ఉన్న ఇళ్లు మావి. వేసవిలో ఆ రాళ్లు పగలంతా ఎండ తాగి రాత్రంతా మా మీద కక్కేవి. సాగరు కాలవ అన్న మాట అప్పటికింకా పుట్టలేదు. వరన్నం పండక్కీ జ్వరానికీ తప్ప పొయ్యెక్కేది కాదు. తక్కిన రోజులన్నీ జొన్నన్నం, సజ్జ సంగటి, వరిగన్నం, వాటిలోకి గోంగూర పచ్చడో చింతకాయ తొక్కో, పక్కన కొరుక్కోవడానికి పచ్చి ఉల్లిపాయ, పైన గేదె పెరుగు. తొలకరి పడి మట్టి వాసన లేచే వేళకి తొలి ఏకాదశి వచ్చేది, నాయనమ్మ ఇసకలో జొన్నలు వేయించి పేలాలు తీసి, బెల్లంతో పేలపిండి కొట్టేది. ఆడపిల్లలం ఆ పిండి పెదాలకంటించుకుని, విరిగిన నాపరాయి ముక్కలతో తొక్కుడుబిళ్లా, ఏటి గులకరాళ్లతో అచ్చనగండ్లూ ఆడుతూ ఇంటికి రావడం మర్చిపోయేవాళ్లం.

కానీ ఆ కాలం తలుచుకోగానే నాకు ముందు వినపడేది రోకలి చప్పుడు. కోడి కూసేసరికి నాయనమ్మా, అమ్మా, చిన్నమ్మా ముగ్గురూ నడవలో పాతిన రోటి చుట్టూ చేరేవారు. ఒక రోకలి దిగుతుంటే ఇంకొకటి లేస్తూ, మూడోది తన వంతు కోసం గాలిలో ఆగుతూ, ఒకదానికొకటి తగలకుండా ఆ చిన్న గుంటలోకి దిగేవి. రోకలి కొసకి ఉన్న ఇనప పొన్ను జొన్నల్లో పడగానే 'దుమ్ము'మని నేల అదిరి, పక్క మీద పడుకున్న నా వీపుకి తగిలేది. వాళ్ల అడుగులు రోటి చుట్టూ కొంచెం కొంచెం జరుగుతుండేవి, నడుములు వంగి లేస్తుండేవి, పాట నడుస్తుండేది. అది పనో ఆటో చెప్పడం కష్టం. నాయనమ్మ పేరు కోటమ్మ. పేరుకు తగ్గట్టే గోడలాంటి మనిషి. కోడళ్లు పళ్లు కనపడేలా నవ్వితే ఊరుకునేది కాదు. ఆమె ఎదురుగా నేను గెంతితే తొడపాశం తప్పేది కాదు.

ఇట్లా ఉండగా నకరికల్లు వైపు నుంచి ఒక వియ్యంకుడు మా ఇంటికి వచ్చి, పెరుగన్నం తిని, చెయ్యి కడుక్కుంటూ, "ఏంది బావా, మీ ఇంట్లో ఇంకా కోడళ్లే దంచుతున్నారా? మా ఇంట్లో రోకలి చప్పుడు విని చానా కాలమైంది" అన్నాడు. హాస్యానికే అన్నాడు. అది మా తాతయ్య గుండెలో ముల్లయి దిగింది. తెల్లారేసరికి రోకళ్లు అటకెక్కాయి, రోటి మీద నాపరాయి మూత పడింది, జొన్నల బస్తాలు బండెక్కి కారంపూడిలో కొత్తగా పెట్టిన మరకు పోయాయి. ఏటి నుంచి నీళ్లు తేవడానికి పాలేర్లు కుదిరారు. పెద్దింటి ఆడవాళ్లు చెమట పట్టేలా పని చేస్తే పరువు తక్కువని ఆ రోజుల్లో కాస్త నిలదొక్కుకున్న ప్రతి ఇంటి మగవాడికీ ఒక పిచ్చి పట్టింది. తాతయ్య చెడ్డవాడు కాడు. మా వాళ్లని సుఖపెడుతున్నాననే అనుకున్నాడు.

కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయంటారు. మా ఇంట్లో మాత్రం కూర్చుని తిన్నవాళ్లే కొండలయ్యారు. అమ్మ మెట్టెక్కితే ఆయాసపడేది. నాయనమ్మ పీట మీద నుంచి లేవాలంటే ఒక చెయ్యి గోడకీ, ఇంకో చెయ్యి నా నెత్తికీ ఆనించేది. చిన్నమ్మ సంగతి ఇంకా ఘోరం. సన్నగా చలాకీగా కాపురానికి వచ్చిన పిల్ల, రెండేళ్లలో ఉబ్బి, పాలిపోయి, తొలి కానుపు మూడు రోజులు పడి, చచ్చిన బిడ్డని కని, తను చావు దాకా పోయి వచ్చింది. మంత్రసాని రాహేలమ్మ చేతులు కడుక్కుంటూ, "ఈ పిల్ల నడుం కొయ్యలాగా బిగిసిపోయిందమ్మా. ఇంకోసారి ఇట్టాగుంటే నన్ను పిలవమాకండి, నా వల్ల గాదు" అని వెళ్లిపోయింది. ఏడాది తిరిగేసరికి చిన్నమ్మకి మళ్లీ నెల తప్పింది. ఇంట్లో ఎవరూ సంతోషించలేదు. చిన్నమ్మ పగలంతా స్తంభానికి ఆనుకుని, తను చచ్చిపోతానని ఎవరికీ చెప్పకుండా అందరికీ తెలిసేలా కూర్చునేది.

నాయనమ్మ వెళ్లి తాతయ్యని అడిగింది. రోకళ్లు దించమంది. నలుగురూ ఏమనుకుంటారన్నాడు. పోనీ ఏటికి నీళ్లకైనా పోనియ్యమంది. అసలే వద్దన్నాడు. మూడోసారి ఆమె అడగలేదు.

ఆ వేసవిలో ఒక మధ్యాహ్నం, మగవాళ్లు పొలానికో గురజాల కోర్టు వాయిదాకో పోయిన వేళ, నేను ఆకలేసి ఇల్లంతా వెతికాను. ఎవరూ లేరు. గాదె కొట్టు, అంటే ధాన్యం గాదె ఉండే చీకటి గది, దాని తలుపు దగ్గరగా వేసి ఉంది. తోసి చూశాను. ఈ వయసులో కూడా ఆ దృశ్యం గుర్తొస్తే నా ఒళ్లు జల్లుమంటుంది. నేల నిండా గోతాలు పరిచి ఉన్నాయి. వాటి మీద మా నాయనమ్మ, నవ్వితే ఊరుకోని మా నాయనమ్మ, చీర గోచీ పెట్టి కట్టి, నేలకీ గాలికీ మధ్య ఎగురుతోంది. ఆమె వెనక అమ్మ, అమ్మ వెనక కడుపుతో ఉన్న చిన్నమ్మ నెమ్మదిగా, గాదె చుట్టూ తిరుగుతున్నారు. రెండడుగులు ముందుకి, ఒకడుగు వెనక్కి, ఒక వంగుడు, పక్కకి తిరిగి ఒకరి అరచేతి దాకా ఒకరి అరచెయ్యి తెచ్చి, తగలకుండా ఆపడం. కోలాటమే, కోలలు లేవు. పాట లేదు. చప్పట్లు లేవు. కడియాలు తీసి మూల పెట్టారు, గాజులు మోగకుండా పాత చీర పేలికలు చుట్టుకున్నారు. మూసిన పెదాల వెనక నుంచి తుమ్మెద రొదలాంటి సన్నటి శబ్దం మాత్రం వస్తోంది. చెమటతో ముగ్గురి ముఖాలూ మెరుస్తున్నాయి. అమ్మ కళ్ల నుంచి నీళ్లు కారుతున్నాయి. కాసేపటికి గానీ అవి నవ్వు నీళ్లని నాకు తెలియలేదు.

నేను కెవ్వుమనబోయాను. నాయనమ్మ ఒక్క అంగలో వచ్చి నా నోరు మూసి, "అరిస్తే పళ్లు రాలగొడతా. నోరు మూసుకో. మూసుకుని వచ్చి వరసలో నిలబడు" అంది. నిలబడ్డాను.

అప్పటి నుంచి మధ్యాహ్నాలు మాకు ఇదే పని. నాయనమ్మ పెళ్లికి ముందు దాచేపల్లి వైపు తన పుట్టింట్లో, పెద్దమనిషి కాకముందు, భజన కోలాటం ఆడిందట. ముప్ఫై నలభై ఏళ్లు కాళ్లలో దాచుకున్న అడుగులన్నీ ఒక్కొక్కటీ బయటికి తీసింది. మొదట్లో రెండు చుట్లకే గోడకి చేరగిలబడిన అమ్మ, తొలకరి నాటికి ఆయాసం లేకుండా ఆడింది. నాయనమ్మ నా నెత్తి మీద చెయ్యి వెయ్యకుండా పీట మీద నుంచి లేచింది. చిన్నమ్మ స్తంభం వదిలి తిరగడం మొదలుపెట్టి, ఒకరోజు చింతకాయ తొక్కుతో ఇంకో ముద్ద కావాలని అడిగి తింది. ఆ రాత్రి నాయనమ్మ ఆ ముద్ద గురించి అమ్మకి ఎన్నిసార్లు చెప్పిందో. వైద్యం సంగతులు నాకు తెలియవు. ఆ గోతాల మీద ఆ మనుషులు మళ్లీ మనుషులు కావడం మాత్రం చూశాను.

అంతా సవ్యంగా ఉండగా పక్కింటి చంద్రమ్మత్త నిప్పు కోసం వచ్చింది. అగ్గిపెట్టె వృథా చేయకుండా ఒకరి పొయ్యిలో నిప్పు ఇంకొకరు పిడక మీద తీసుకుపోయే రోజులు. వంటింట్లో ఎవరూ కనపడక, దొడ్డి వైపు నుంచి గాదె కొట్టు తలుపు సందులో తొంగి చూసింది. పాటా లేదు, మాటా లేదు, చీకట్లో కోటమ్మ ఎగురుతోంది, కడుపుతో ఉన్న కోడలు తిరుగుతోంది, ఏదో మూలుగు వస్తోంది. మా వైపు ఎవరైనా దీన్ని చూసి ఏమనుకుంటారో చంద్రమ్మత్తా అదే అనుకుంది. పిడక అక్కడే పారేసి, "అమ్మవారు పూనిందోయ్, కోటమ్మ ఇంట్లో అంకమ్మ తల్లి దిగింది" అని వీధిన పడి పరుగెత్తింది.

మేము గాజుల పేలికలు విప్పుకునేలోగా వాకిలి నిండిపోయింది. వేప మండలు, కుండలతో పసుపు నీళ్లు, డప్పులు, టెంకాయలు. ఆడవాళ్లు నాయనమ్మని వాకిట్లోకి నడిపించుకొచ్చి, జుట్టు విరబోసి, కుండలకి కుండలు కుమ్మరించారు. అప్పుడే గురజాల నుంచి బండి దిగిన తాతయ్య, తన ఇంటి ముందు జనాన్ని చూసి ఎవరో పోయారనుకుని తెల్లబోయి, సంగతి విన్నాక చెప్పులు విడిచి, తలపాగా తీసి, నాయనమ్మకి రెండు చేతులూ జోడించాడు. తాతయ్య నాయనమ్మకి దణ్ణం పెట్టడం చూసి నేను కొయ్యబారిపోయాను. గుడి పూజారి ముందుకొచ్చి అడగవలసిన మాట అడిగాడు: "ఎవురు తల్లీ నువ్వు? ఏం కోరి వచ్చావు?"

డప్పులు ఆగాయి. నాయనమ్మ పసుపు నీళ్లు కళ్లలోంచి తుడుచుకుంది. తాతయ్య ఆమెకి మాత్రమే వినపడేలా, "ఏమే, అవునను" అన్నాడు. దగ్గర్లో ఉన్నాను కాబట్టి నాకూ వినపడింది.

"నేను కోటమ్మని" అంది నాయనమ్మ. "అమ్మవారూ లేదు, పాడూ లేదు. మోకాళ్లు పట్టేసినయ్యి, ఈ పిల్ల నడుం బిగిసిపోయింది. ఒంటి కోసం ఆడుకుంటున్నాం."

ముందు వరసలోని జనం వెనక్కి జరిగారు. నాయనమ్మ దొంగతనం చేశానన్నా అంత నివ్వెరపోయేవారు కాదు. అమ్మవారు ఆడిస్తే ఆడొచ్చు, జుట్టు విరబోసుకోవచ్చు, మొగుడి చేత దణ్ణం పెట్టించుకోవచ్చు. ఒక ఇల్లాలు తన ఒంటి కోసం, తనంతట తను, తలుపేసుకుని ఎగిరిందంటే ఏమనాలో వాళ్లకి మాట దొరకలేదు. ఒకామె తన కూతురి కళ్లు మూసింది. తాతయ్య ముఖంలో రక్తం లేదు. పూజారి మాత్రం గట్టివాడు. కాసేపు ఆలోచించి, "తల్లి బొంకుతా ఉంది. అమ్మవారు ముందు అట్టాగే అంటది, మనల్ని పరీక్ష చేసుద్ది" అన్నాడు. జనానికి పోయిన ప్రాణం తిరిగొచ్చింది. డప్పులు మళ్లీ లేచాయి.

"అమ్మవారు ఏడాదికోసారి వచ్చిద్ది. మోకాళ్లు రోజూ నొప్పెడతయ్యి" అంది నాయనమ్మ. డప్పుల్లో ఆ మాట ఎవరికీ వినపడలేదు.

పూజారి విసిరిన ఆ తాడు పట్టుకుని తాతయ్య ఒడ్డుకు చేరాడు. అమ్మవారు చిన్నకోడలి కానుపు దాకా ఇంట్లోనే ఉంటానందని మర్నాడు ఊరికి తనే చెప్పాడు. ఇక మాకు గోతాలూ పేలికలూ అక్కర్లేకపోయాయి. రోజూ మధ్యాహ్నం తలుపులు బార్లా తీసి, గాజులు మోగిస్తూ, పాట పాడుతూ ఆడారు. జనం బయట నిలబడి దణ్ణాలు పెట్టారు. అలిసిపోయి కూర్చున్నప్పుడు నాయనమ్మ గుప్పెడు జొన్న పేలాలు నమిలేది. అది చూసి ఊరంతా పేలాలు తెచ్చి పోసింది. అడిగిన ప్రతివాళ్లకీ ఆమె అమ్మవారు లేదనే చెప్పింది. వాళ్లు మరింత వంగి దణ్ణం పెట్టి పోయారు. దొరికిన టెంకాయలతో మాత్రం శుభ్రంగా పచ్చళ్లు చేయించింది.

కార్తీకంలో చిన్నమ్మకి ఒక్క పూట నొప్పులతో ఆడపిల్ల పుట్టింది. తల్లీబిడ్డా క్షేమం. ఇష్టం లేకుండా వచ్చిన రాహేలమ్మ చిన్నమ్మ నడుం తడిమి, "ఏం చేశారే ఈ పిల్లని?" అని ఆశ్చర్యపోయింది. నాయనమ్మ గోడకి తల ఆనించి గట్టిగా ఏడ్చింది. ఆమె ఏడవడం నేను చూసింది అదొక్కసారే.

పురుడు వెళ్లగానే తాతయ్య వేటపోతుని కోయించి, డప్పులతో అమ్మవారిని పొలిమేర దాకా సాగనంపించాడు. గాదె ఖాళీ చేయించి, కొట్టు గడపకి పసుపు రాయించి, లోపల దీపం పెట్టించి, తలుపుకి తాళం వేశాడు. మొలతాడుకి తాళం చెవి కట్టుకుంటుంటే నాయనమ్మ ఎదురొచ్చి, "మరి మేం యాడ ఆడుకోవాలి?" అని అడిగింది.

"అమ్మవారు పోయిందిగా" అన్నాడు తాతయ్య.

కోపంతో అనలేదు, ఆ ప్రశ్న అర్థం కాక అన్నాడు. రెండు రోజులాగి నాయనమ్మ దొడ్లో వరస కట్టించింది. గోడల మీద తలకాయలు లేచాయి. దణ్ణాలు కాదు ఈసారి, నవ్వులు. అమ్మవారు లేకుండా ఈ గెంతులేంటన్నారు. ఇంకోసారి ఇది కంటపడితే కోడళ్లిద్దర్నీ పుట్టిళ్లకి పంపేస్తానన్నాడు తాతయ్య. పసిపిల్లని ఒళ్లో పెట్టుకున్న చిన్నమ్మ వంక చూసి నాయనమ్మ గోచీ విప్పేసుకుంది. ఆ తర్వాత మా ఇంట్లో ఎవరూ ఆడలేదు.

నేను పెళ్లయి వెళ్లి, పురిటికి వచ్చేసరికి ఆమె మంచం దిగలేకపోతోంది. దొడ్లోకి పోవాలంటే నేల మీద పాక్కుంటూ పోయేది. పక్క గదిలో దీపం వెలుగుతుండేది, పొరుగూళ్ల నుంచి మోకాళ్ల నొప్పులవాళ్లు వచ్చి ఆ గడపకి మొక్కి, ఆమె మంచం పక్క నుంచే నడిచి వెళ్లేవారు. ఒక మధ్యాహ్నం కాళ్లు ఒత్తుదామని దుప్పటి తీయబోయాను. దుప్పటి కింద ఆమె కాలి వేళ్లు కదులుతున్నాయి. రెండు ముందుకి, ఒకటి వెనక్కి. కళ్లు మూసుకునే ఉంది, పెదాలు మూసుకునే ఉన్నాయి. నేను దుప్పటి మళ్లీ కప్పేశాను.

మొన్నటి ప్రసాదం తిన్నాక మనసాగక, కారు మాట్లాడించుకుని ఊరికి పోయాను. మర ఎప్పుడో మూతపడింది. గాదె లేదు, నడవలో రోలు లేదు, జొన్నన్నం వండే ఇల్లు లేదు, నిప్పు కోసం పక్కింటికి వచ్చే మనిషి లేదు. నరసరావుపేటలో మా మనవరాలు డబ్బు కట్టి, హాల్లో పెద్ద పాటలు పెట్టుకుని, ఒళ్లు తగ్గడానికి నలుగురిలో డాన్సు చేసి వస్తుంది. ఎవరూ దణ్ణం పెట్టరు, ఎవరూ కళ్లు మూసుకోరు. గాదె కొట్టు మాత్రం ఉంది, గ్రిల్లుతో, మైకుతో. లోపల పట్టుచీర కట్టి, వెండి కళ్లు అతికించిన అమ్మవారు. వంగి చూశాను. చీర కుచ్చెళ్ల కింద నుంచి ఇనప పొన్ను కనపడింది. అది మా నాయనమ్మ రోకలి. దించమని ఆమె అడిగినా దించని రోకలి. ఆమె పోయాక ఎవరో అటక మీద నుంచి దించి చీర కట్టారు.

అందరితో పాటు ప్రదక్షిణం మొదలుపెట్టాను. కార్లో కూర్చుని వచ్చిన మోకాళ్లు పట్టేశాయి. వాటిని సాగదీయడానికి నాకు తెలిసిన మార్గం ఒక్కటే. చేతికర్ర గోడకి ఆనించి, రెండడుగులు ముందుకి, ఒకడుగు వెనక్కి వేశాను. హాయిగా అనిపించి ఇంకో రెండు వేశాను. వెనక ఎవరో, "మామ్మకి పూనింది, నీళ్లు తేండే" అని కేక పెట్టారు. మైకు దగ్గరి కుర్రపూజారి పరుగెత్తుకొచ్చి ఆ మైకు నా నోటి దగ్గర పెట్టి, "ఎవురు తల్లీ నువ్వు?" అని అడిగాడు.

"నేను కోటమ్మ మనవరాలిని. అమ్మవారూ లేదు, పాడూ లేదు. మోకాళ్లు పట్టేశాయి" అన్నాను. నా గొంతు ఊరంతా వినపడింది. ఈసారి డప్పులు లేవు, అందరూ స్పష్టంగా విన్నారు.

"తల్లి బొంకుతా ఉంది" అని ఒకామె భక్తిగా చెంపలు వేసుకుని, కుండెడు పసుపు నీళ్లు తెచ్చి నా నెత్తిన కుమ్మరించింది.